ఇంగ్లీషు మాటలు నోటికి రావాలంటే: ఆన్‌లైన్ డిక్షనరీలను వాడుకునే పద్ధతి

తెలియని ఇంగ్లీషు మాట ఎదురైతే మనలో ఎక్కువమంది చేసే పని ఒకటే. ఫోన్ తీసి, ఆ మాట కొట్టి, పక్కన "మీనింగ్ ఇన్ తెలుగు" అని చేర్చి, వచ్చిన మొదటి అర్థం చూసి మూసేస్తాం. చదువుతున్న వాక్యం ఏదో ఒకలా ముందుకు సాగుతుంది. వారం తర్వాత అదే మాట ఎదురైతే మళ్లీ వెతుకుతాం. ఇంటర్వ్యూలోనో, ఆఫీసు ఈమెయిల్ రాసేటప్పుడో దాని అవసరం పడితే అసలు గుర్తుకే రాదు. దీనికి మీ జ్ఞాపకశక్తిని నిందించుకోకండి. మాట అర్థం తెలియడం వేరు, దాన్ని వాడగలగడం వేరు. వాడాలంటే దాన్ని ఎలా పలకాలో, దాని పక్కన ఏ మాటలు వస్తాయో, ఎక్కడ వాడితే నప్పదో కూడా తెలియాలి. ఇవన్నీ ఇప్పుడు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. కాకపోతే ఒక్కో సంగతికి ఒక్కో చోటికి వెళ్లాలి.

రోజుకు యాభై మాటల లిస్టు పెట్టుకోవద్దు. ఐదు చాలు. ఒక్కో మాట దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. ఆ ఐదు నిమిషాల్లో ఏం చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఉదాహరణకు "ది గవర్నమెంట్ మస్ట్ అడ్రస్ ది ఇష్యూ" అనే వాక్యం తీసుకుందాం. ఇంగ్లీషు పేపర్లలో ఇలాంటిది తరచూ కనిపిస్తుంది. ఇందులోని "అడ్రస్" మనందరికీ తెలిసిన మాటే, కానీ ఇక్కడ తెలిసిన అర్థం పనికిరాదు.

ఏ మాటను వెతకాలి

తెలియని ప్రతి మాటనూ వెతుకుతూ పోతే రెండు పేరాలకే విసుగొస్తుంది. ముందు పేరా మొత్తం ఆగకుండా చదవండి. ఆ మాట తెలియకపోయినా విషయం అర్థమైతే వదిలేయండి. రెండు మూడు సార్లు ఎదురైన మాటను, లేదా తెలియకపోతే వాక్యమే అర్థం కాని మాటను పట్టుకోండి. వెతికే ముందు దాని అర్థం ఏమై ఉంటుందో ఒక ఊహ చేసుకోండి. ఊహ తప్పైనా నష్టం లేదు. ఊహించి చూసిన మాట, ఊరికే చూసిన మాటకన్నా బాగా గుర్తుంటుంది.

ఆ మాట మీద సమయం పెట్టవచ్చా లేదా అన్నది డిక్షనరీయే చెబుతుంది. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీస్ సైటులో ముఖ్యమైన మాటల పక్కన ఏ1, ఏ2, బి1, బి2, సి1 అనే గుర్తులు ఉంటాయి. ఏ1 అంటే మొదటి మెట్టు, సి1 అంటే బాగా పై మెట్టు. అందరికీ ముందుగా అవసరమయ్యే మూడు వేల మాటలకు "ఆక్స్‌ఫర్డ్ 3000" అని పేరు పెట్టారు. "ఆక్స్‌ఫర్డ్ 5000"లో వాటి మీద మరో రెండు వేలు చేర్చారు. లాంగ్‌మన్ డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఎస్1, డబ్ల్యూ1 లాంటి గుర్తులు కనిపిస్తాయి. ఎస్1 అంటే మాట్లాడే ఇంగ్లీషులో అతి ఎక్కువగా వినిపించే వెయ్యి మాటల్లో ఒకటని, డబ్ల్యూ1 అంటే రాసే ఇంగ్లీషులో అలాంటిదని అర్థం. డబ్ల్యూ ఉండి ఎస్ లేని మాటను ఈమెయిల్‌లో రాయండి, స్నేహితులతో మాటల్లో వాడకండి.

పోటీ పరీక్షలకు చదివేవాళ్ల మధ్య "ఎడిటోరియల్ వకాబ్యులరీ" పేరుతో పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి. వాటిలో అరుదైన మాటలు బోలెడు. పరీక్షకు కావాలంటే చదవక తప్పదు. కానీ బి1 మాటలు చేతికి రాకముందే వాటి మీద నెలలు పెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం. రోజూ అవసరమయ్యే మాటల దగ్గర తడబడే మనిషికి అరుదైన మాటలు ఎన్ని వచ్చినా ధైర్యం రాదు.

తెలుగు అర్థం చూడండి, అక్కడే ఆగకండి

తెలుగు అర్థం చూడనే కూడదని కొందరు టీచర్లు చెబుతారు. నేను ఒప్పుకోను. ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు తెలుగు అర్థంతో మాట ఏ వైపుదో క్షణంలో తెలుస్తుంది, టెన్షన్ తగ్గుతుంది. అది ఎక్కడ చూస్తున్నారన్నదే ముఖ్యం.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒక్క "అడ్రస్" కొడితే "చిరునామా" వస్తుంది. మన వాక్యానికి అది అతకదు. అందుకే ఎప్పుడూ మాట ఒక్కటే కాకుండా అది ఉన్న వాక్యం మొత్తం పెట్టండి. వాక్యం చూస్తే ఆ యంత్రానికి కూడా సందర్భం తెలుస్తుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఉంటే యాప్‌లో తెలుగును ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు.

ఇంకాస్త లోతుగా చూడాలంటే ఆంధ్రభారతి సైటులోని నిఘంటు శోధనకు వెళ్లండి. ఒక్కసారి మాట కొడితే చాలా నిఘంటువుల్లోని అర్థాలు ఒకే పేజీలో కనిపిస్తాయి. సి. పి. బ్రౌన్, శంకరనారాయణ తయారుచేసిన పాత నిఘంటువులూ అక్కడ ఉన్నాయి. తెలుగు విక్షనరీలోనూ బ్రౌన్ ఇచ్చిన అర్థాలు ఎదురవుతాయి. ఈ సైట్లు మన భాషకు పెద్ద ఆస్తి. వాడేటప్పుడు ఒక్క సంగతి మరవకండి: బ్రౌన్ తన నిఘంటువులను మద్రాసులో అచ్చు వేయించింది 1850లలో. "బ్రాడ్‌కాస్ట్" అంటే ఆ రోజుల్లో పొలంలో విత్తనాలు వెదజల్లడమే. రేడియో, టీవీ ప్రసారం అనే అర్థం ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. కాబట్టి పాత నిఘంటువులో దొరికిన తెలుగు మాట ఎంత ముచ్చటగా ఉన్నా, ఇంగ్లీషు మాట నేటి అర్థాన్ని ఇంకోచోట సరిచూసుకోండి.

లెర్నర్స్ డిక్షనరీలో పేజీ మొత్తం చదవండి

అసలు పని ఇక్కడే ఉంది. ఇంగ్లీషు డిక్షనరీలన్నీ ఒకటి కావు. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్ల కోసం రాసినవి కొన్ని, నేర్చుకునేవాళ్ల కోసం రాసినవి కొన్ని. మీకు కావలసింది రెండో రకం. ఈ రకానికి గట్టి పునాది వేసినవారిలో ఎ. ఎస్. హార్న్‌బీ ఒకడు. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, అక్కడి విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో గమనించి, మరో ఇద్దరితో కలిసి డిక్షనరీ తయారుచేశాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో దాన్ని ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. ఈరోజు మీ ఫోన్‌లో తెరుచుకునే ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ దాని వారసత్వమే. 1978లో వచ్చిన లాంగ్‌మన్ మరో అడుగు వేసి, సుమారు రెండు వేల తేలిక మాటలతోనే అర్థాలన్నీ రాసే పద్ధతి పెట్టుకుంది. అందువల్ల అర్థం కోసం వెళ్లి, ఆ అర్థంలోని మాటలకు మళ్లీ అర్థాలు వెతుక్కునే బాధ చాలావరకు తప్పుతుంది.

కేంబ్రిడ్జ్, కాలిన్స్ కూడా మంచివే. 1987లో వచ్చిన కాలిన్స్ కోబిల్డ్‌లో అర్థాన్ని పూర్తి వాక్యంగా రాస్తారు. "మీరు ఒక సమస్యను అడ్రస్ చేస్తే..." అన్నట్టు మొదలవుతుంది. మాటను వాక్యంలో ఎలా పెట్టాలో అర్థంతోపాటే తెలిసిపోతుంది. నాలుగూ తెరిచి పెట్టుకోనవసరం లేదు. మీకు తేలికగా అనిపించిన ఒకదాన్ని ఎంచుకుని, దాని లింకును ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోండి.

ఇప్పుడు "అడ్రస్" కొట్టండి. ముందు నామవాచకం వస్తుంది, అది వదిలేయండి. మన వాక్యంలో "మస్ట్" తర్వాత వచ్చింది కాబట్టి ఇది క్రియ. క్రియ ఉన్న చోటికి వెళ్లండి. అక్కడ కూడా అర్థాలు చాలా ఉన్నాయి: కవరు మీద చిరునామా రాయడం, సభలో ప్రసంగించడం, ఒకరిని "సర్" అనో "మేడమ్" అనో పిలవడం, సమస్యను పట్టించుకుని పరిష్కారం దిశగా పని మొదలుపెట్టడం. మొదటి అర్థం దగ్గర ఆగిపోయే అలవాటు ఎంత నష్టమో ఇక్కడే తెలుస్తుంది. ప్రతి అర్థం కింద ఉన్న ఉదాహరణ వాక్యాలు చదివి, మీ వాక్యానికి దగ్గరగా ఉన్నదేదో చూడండి. సరైన అర్థం ఏదో ఉదాహరణే పట్టిస్తుంది.

తర్వాత చాలామంది కళ్లు దాటవేసే చిన్న గుర్తుల దగ్గర ఆగండి. కేంబ్రిడ్జ్‌లో క్రియల పక్కన టి, ఐ అని, నామవాచకాల పక్కన సి, యు అని ఉంటాయి. మిగతా డిక్షనరీలు ఇదే సంగతిని పూర్తి మాటల్లో రాస్తాయి. ఐ అంటే కర్మ లేకుండా నడిచే క్రియ. టి ఉంటే క్రియ వెంటనే కర్మ రావాలి, మధ్యలో ఇంకేదీ దూరకూడదు. "అడ్రస్ ది ఇష్యూ" సరైనది, "అడ్రస్ అబౌట్ ది ఇష్యూ" తప్పు. "డిస్కస్" కూడా అంతే. తెలుగులో "దాని గురించి చర్చించాం" అంటాం కదా, ఆ "గురించి" మనకు తెలియకుండానే "అబౌట్"గా మారి ఇంగ్లీషులోకి దూరుతుంది. ఏళ్ల తరబడి ఇంగ్లీషులో ఉద్యోగం చేస్తున్నవాళ్లు కూడా "డిస్కస్ అబౌట్" అనడం వింటుంటాం. ఒక్క అక్షరం గుర్తు చూసుకుంటే పోయే తప్పు ఇది.

సి అంటే లెక్కపెట్టగలిగేది, యు అంటే లెక్కపెట్టలేనిది. "ఇన్ఫర్మేషన్", "అడ్వైస్", "ఫర్నిచర్", "లగేజ్", "ఎక్విప్‌మెంట్" వీటికి యు ఉంటుంది. అంటే చివర ఎస్ చేర్చి బహువచనం చేయకూడదు. తెలుగులో "సలహాలు", "సామాన్లు", "వివరాలు" అని హాయిగా అంటాం కాబట్టి మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ మాటల దగ్గరే. కొత్త నామవాచకం నేర్చుకున్న ప్రతిసారీ ఈ గుర్తు కూడా రాసుకోండి.

ఇంకో రకం గుర్తులు ఉంటాయి: ఫార్మల్, ఇన్ఫార్మల్, ఓల్డ్ ఫ్యాషన్డ్, డిసప్రూవింగ్, ఇండియన్ ఇంగ్లీష్. మన వాడుకలో ఉన్న "ప్రీపోన్" మాటను ఆక్స్‌ఫర్డ్‌లో కొట్టి చూడండి, అది ఇండియన్ ఇంగ్లీష్ అని కనిపిస్తుంది. తప్పని కాదు. హైదరాబాద్ ఆఫీసులో అందరికీ అర్థమవుతుంది, లండన్ క్లయింటుకు రాసేటప్పుడు వేరే మాట వాడాలి. "పాస్ అవుట్" ఇంకా జాగ్రత్తగా వాడవలసిన మాట. మన దగ్గర డిగ్రీ పూర్తి చేయడం, విదేశాల్లో వినేవాళ్లకు స్పృహ తప్పి పడిపోవడం. విదేశీ యూనివర్సిటీకి దరఖాస్తు రాసేవాళ్లు "గ్రాడ్యుయేటెడ్" అని రాయాలి.

చెవితో నేర్చుకోండి

ప్రతి డిక్షనరీలోనూ మాట పక్కన స్పీకర్ బొమ్మలు ఉంటాయి. ఒకటి బ్రిటిష్, ఒకటి అమెరికన్. మూడుసార్లు వినండి, తర్వాత బయటికి పలకండి. వీలైతే మీ గొంతు రికార్డు చేసుకుని పక్కపక్కన వినండి.

ఇంగ్లీషు మాట ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాసుకోవడం మన అలవాటు. మొదట్లో ఆసరాగా పనికొస్తుంది, కానీ ఒత్తు (స్ట్రెస్, అంటే నొక్కి పలకడం) ఏ భాగం మీద పడుతుందో అది చెప్పలేదు. ఇంగ్లీషులో ఒత్తు తప్పితే అక్షరాలన్నీ సరిగ్గా పలికినా వినేవాళ్లు తికమకపడతారు. డిక్షనరీలో ఉచ్చారణ గుర్తుల మధ్య పైన చిన్న నిలువు గీత ఉంటుంది. దాని తర్వాత వచ్చే భాగాన్ని నొక్కి పలకాలి. మనం "అడ్రస్సు" అన్నప్పుడు మొదటి "అ" మీద నొక్కుతాం. బ్రిటిష్ ఉచ్చారణలో "డ్రెస్" మీద నొక్కుతారు, ముందున్న అచ్చు వినీ వినపడనట్టు పోతుంది. తలకిందులుగా ఉన్న చిన్న ఇంగ్లీషు ఇ (e) అక్షరం లాంటి గుర్తు ఆ బలహీనమైన అచ్చుకే. ఈ రెండు గుర్తులు పోల్చుకోగలిగితే సగం ఉచ్చారణ దారికొస్తుంది. మిగతా గుర్తులన్నీ కంఠస్థం చేయాల్సిన పని లేదు.

"రికార్డ్", "ప్రెజెంట్", "ఆబ్జెక్ట్" లాంటి మాటల్లో నామవాచకానికి ఒత్తు ముందు భాగం మీద, క్రియకు వెనుక భాగం మీద ఉంటుంది. పలకని అక్షరాలు కూడా వింటేనే తెలుస్తాయి. "డెట్"లో బి, "రిసీట్"లో పి, "ఐలండ్"లో ఎస్ పలకవు.

డిక్షనరీలో మాట విడిగా వినిపిస్తుంది. మనుషుల మాటల్లో అది ఎలా కలిసిపోతుందో వినాలంటే యూగ్లిష్ అనే సైటు ఉంది. మాట కొడితే, అది వచ్చే యూట్యూబ్ వీడియోల్లోని ఆ చోటు నుంచే వినిపిస్తుంది. "అడ్రస్ ది ఇష్యూ" అని మూడు మాటలూ కలిపి కొట్టండి. ఐదారు క్లిప్పులు వింటే చాలు.

పక్కన వచ్చే మాటలు

తెలుగులో ఒక్క "చేయు"తో ఎన్నో పనులు నడుస్తాయి. తప్పు చేస్తాం, హోంవర్క్ చేస్తాం, ఫోన్ చేస్తాం, వంట చేస్తాం, ఆలస్యం చేస్తాం. ఇంగ్లీషులో హోంవర్క్‌కు "డూ", తప్పుకు "మేక్". "డూ ఎ మిస్టేక్" అంటే అర్థమవుతుంది గానీ అలా ఎవరూ అనరు. పెద్ద వాన పడితే "బిగ్ రెయిన్" అనరు, "హెవీ రెయిన్" అంటారు. ఇందులో తర్కం వెతికి లాభం లేదు. ఏ మాట దేనితో జత కడుతుందో చూసి అలాగే నేర్చుకోవాలి.

ఇందుకు స్కెల్ అనే ఉచిత సైటు నాకు చాలా ఇష్టం. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మాట కొడితే నిజంగా ఎక్కడో ఎవరో రాసిన వాక్యాలు నలభై దాకా చూపిస్తుంది. "వర్డ్ స్కెచ్" నొక్కితే ఆ మాటకు ముందు వెనుక ఎక్కువగా వచ్చే మాటలను గుంపులుగా చూపిస్తుంది. అక్కడ "అడ్రస్" క్రియను చూస్తే "ఇష్యూ", "ప్రాబ్లమ్", "కన్సర్న్" లాంటి జతలు దొరుకుతాయి. రెండు జతలు రాసుకోండి. ఇక మీ నోటికి వచ్చేది విడి మాట కాదు, మాటల జత. మాట్లాడేటప్పుడు తడుముకోవడం చాలా తగ్గుతుంది.

పర్యాయపదాల సైట్లను మాత్రం జాగ్రత్తగా వాడండి. "ఫేమస్" పక్కన "నటోరియస్" కనిపిస్తుంది. మనకు "పేరున్న డాక్టర్"కూ "పేరుమోసిన దొంగ"కూ ఉన్నంత తేడా వాటికి ఉంది. పర్యాయపదం దొరికిన ప్రతిసారీ దాన్ని మళ్లీ లెర్నర్స్ డిక్షనరీలో చూశాకే వాడండి.

తెలుగులో తెలుసు, ఇంగ్లీషులో తెలియదు

రాసేటప్పుడు ఇది రోజూ వచ్చే ఇబ్బంది. "బకాయి" అని రాయాలి, ఇంగ్లీషు మాట తట్టదు. ఆంధ్రభారతిలోనో, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోనో తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెతికితే "డ్యూస్", "అరియర్స్" లాంటివి వస్తాయి. వాటిలో ఒకటి ఎత్తి రాసేయకండి. లెర్నర్స్ డిక్షనరీలో చూస్తే "అరియర్స్" ఎప్పుడూ బహువచనంలోనే ఉంటుందని, "ఇన్ అరియర్స్" అనే వాడుక ఉందని తెలుస్తుంది. తమిళనాడు కాలేజీల్లో ఇదే మాటను తప్పిన సబ్జెక్టులకు వాడతారు, మన దగ్గర అవి బ్యాక్‌లాగ్స్.

తెలుగు మాట కూడా తట్టకపోతే వన్‌లుక్ సైటులో రివర్స్ డిక్షనరీ ఉంది. మీకు కావలసిన భావాన్ని నాలుగు తేలిక ఇంగ్లీషు మాటల్లో రాస్తే, సరిపోయే మాటల వరస ఇస్తుంది.

చాట్‌జీపీటీ లాంటివాటిని డిక్షనరీగా వాడవద్దు. తప్పు చెప్పినా ధైర్యంగా చెబుతాయి. కానీ మీరు సొంతంగా రాసిన వాక్యాన్ని పెట్టి, ఈ మాట ఇక్కడ సహజంగా ఉందా, లేకపోతే ఎందుకు అని అడగడానికి పనికొస్తాయి. వచ్చిన జవాబును డిక్షనరీ ఉదాహరణలతో పోల్చి చూసుకోండి.

మరిచిపోకుండా దాచుకోవడం

హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. నేర్చుకున్న మొదటి గంటల్లోనే మరుపు వేగంగా వస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే ఒకే రోజు ఇరవైసార్లు చదవడం కన్నా, కొన్ని రోజుల ఎడంతో నాలుగుసార్లు గుర్తుచేసుకోవడం మేలు. ఆ ఎడాన్ని లెక్కపెట్టే పని యాంకీ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. కంప్యూటర్‌లో ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాంకీడ్రాయిడ్ పేరుతో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. దగ్గర పేర్లతో వేరే యాప్‌లు కూడా ఉన్నాయి, చూసి దించుకోండి.

ఎవరో తయారుచేసిన వేల కార్డుల కట్టను దించుకోకండి. కార్డు మీరే తయారుచేయండి, తయారుచేయడంలోనే సగం చదువు ఉంది. ముందు వైపు ఒక వాక్యం రాసి, నేర్చుకోవాల్సిన మాట చోట ఖాళీ వదలండి. పక్కన తెలుగులో చిన్న సూచన పెట్టండి: "సమస్యను పట్టించుకుని పని మొదలుపెట్టడం". వెనుక వైపు మాట, దాని గుర్తు, ఒక జత, మీ సొంత వాక్యం ఒకటి. సొంత వాక్యం మీ జీవితంలోనిదై ఉండాలి. మీ వీధిలో నీళ్లు రావడం లేదా? "మున్సిపాలిటీ మస్ట్ అడ్రస్ ది వాటర్ ప్రాబ్లమ్" అని రాయండి. డిక్షనరీ ఉదాహరణ కన్నా ఇది ముందు గుర్తొస్తుంది.

యాంకీలో రోజుకు కొత్త కార్డులు ఇరవై అని ముందే పెట్టి ఉంటుంది. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఐదుకు తగ్గించండి. ఇరవై చొప్పున పెరిగితే కొన్ని వారాలకే రోజువారీ రివిజన్ కుప్ప పడి, యాప్ తెరవాలంటేనే భయం వేస్తుంది. జవాబు గుర్తు రాకపోతే నిజాయితీగా "అగైన్" నొక్కండి. మరిచిపోయి "హార్డ్" నొక్కితే అది గుర్తొచ్చినట్టే లెక్క, కార్డు ఆలస్యంగా తిరిగొస్తుంది.

ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకు యాంకీ "లీచ్" అని గుర్తు పెడుతుంది. ఆదివారం ఒకసారి అలాంటి కార్డులను తీసి చూడండి. సాధారణంగా వాటిలో వాక్యం మరీ పొడుగ్గా ఉంటుంది, లేదా ఒకే కార్డులో రెండు అర్థాలు కుక్కి ఉంటాయి. వాక్యం మార్చి రాయండి, రెండు అర్థాలుంటే రెండు కార్డులు చేయండి. అప్పటికీ ఎక్కకపోతే, ఆక్స్‌ఫర్డ్ 3000లో లేని మాటైతే, కార్డు తీసేయండి. అవసరమైన మాటైతే మీ చదువులో మళ్లీ ఎదురవుతుంది, అప్పుడు కొత్త వాక్యంతో కొత్త కార్డు రాసుకోవచ్చు.